సీమోను వంతు

కిషన్‌బాగ్ సీమోనుకు ఒకే ఒక్క జబ్బు. ఎక్కడ లైను కనబడినా వెళ్ళి నిలబడతాడు. అది దేని లైనో అడగడు, చివర ఏమిస్తారో అతనికి అక్కర్లేదు. అందరితోపాటు మెల్లగా ముందుకు జరుగుతాడు, తీరా కౌంటరు దగ్గరికి వచ్చేసరికి "మీరు కానియ్యిండ్రి" అని తన వంతు వెనకవాడికిచ్చి, తాను పోయి మళ్ళీ తోకలో నిలబడతాడు. ఇదేదో ఒకనాటి ముచ్చట కాదు, ఇరవై రెండేళ్ళుగా ఇదే తంతు. అరవై నాలుగేళ్ళ ఆ మనిషి ఏ లైనులోనైనా తన వంతు తాను వాడుకున్న దాఖలా పాతబస్తీ మొత్తం వెదికినా దొరకదు.

శశిధర్‌కు ఆయన పరిచయమైంది ఆధార్ కేంద్రంలో. శశిధర్ తండ్రి ఎప్పుడో సర్కారు ఉద్యోగం మీద బందరు నుంచి వచ్చి మొఘల్‌పురాలో ఇల్లు కట్టుకున్నాడు. శశిధర్‌దీ సర్కారు కొలువే. ఆ రోజు ఆఫీసుకు ఆలస్యమవుతోందని అతను పదే పదే గడియారం చూసుకుంటుంటే, ముందున్న తెల్లగడ్డం పెద్దమనిషి పక్కకు తప్పుకుని చోటిచ్చాడు. శశిధర్ పని ముగించుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రం అదే దారిన వస్తుంటే కేంద్రం షట్టరు దించుతున్నారు, గడ్డం పెద్దమనిషి ఇంకా మెట్ల మీదే ఉన్నాడు. తన వల్లే పాపం ఈయన పని చెడిందని శశిధర్ నొచ్చుకుని, మీ ఆధార్‌లో ఏం తప్పు పడిందండీ అని అడిగాడు.

"నా ఆధార్ మంచిగనే ఉంది సారూ. లైనుంటే నిలబడ్డ" అన్నాడు సీమోను.

ఈ జబ్బుతో ఎక్కువ వేగినది ఆయన భార్య స్వరూప. రేషను బియ్యానికి మొగుణ్ణి పంపడం ఆమె ఎన్నడో మానుకుంది. "ఈయన్ను తోలిస్తే, ముందటోళ్ళు బియ్యం తీసుకపోయి, వండుకొని, తిని, చేతులు కడుక్కున్నంక వస్తడు" అని వాకిట్లో కూర్చుని చెప్పేది. మేనకోడలి పెళ్ళి మగపిల్లవాళ్ళింట్లో జరిగితే, ఆరు బంతులు లేచినా సీమోను కూర్చోలేదు. ఏడో బంతికి విస్తళ్ళు అయిపోయాయి. చివరికి వంటవాళ్ళతో కలిసి అడుగంటిన పప్పు తింటూ దొరికాడు. మేనమామకు మర్యాద జరగలేదని ఆడపిల్లవాళ్ళు మగపిల్లవాళ్ళ మీద లొల్లికి దిగితే, విషయం తెలిసిన స్వరూప కొంగు నోట్లో కుక్కుకుని పెరట్లోకి పోయింది.

చర్చిలోనూ అంతే. ప్రభు భోజనానికి అందరూ వరుసలో వస్తుంటే ఈయన అందరినీ ముందుకు తోసి తోసి, తన దాకా వచ్చేసరికి పళ్ళెం ఖాళీ అయ్యేది. పాస్టరు వెస్లీకి ఇది తెలిసి, ఆరాధన మొదలుకాకముందే ఒక రొట్టె ముక్క విడిగా తీసి ఉంచడం అలవాటు చేసుకున్నాడు. ఓట్ల రోజు సీమోను పొద్దున్నే ఏడింటికి బడికి వెళ్తాడు, సాయంత్రం తలుపులు మూసేటప్పుడు ఇచ్చే ఆఖరి చీటీ ఆయనదే. కిషన్‌బాగ్‌లోని ఆ బూత్‌లో సీమోను ఓటు పడిందంటే ఇక పెట్టెకు సీలు వేసుకోవచ్చు.

అన్నిటికన్నా పెద్ద ఘనకార్యం ఉస్మాన్‌గంజ్‌లో చేశాడు. అక్కడ ఒక బెల్లం హోల్‌సేల్ దుకాణంలో ఆయన గుమాస్తా. పక్క వీధిలో ఎండుమిర్చి వ్యాపారి ఒకాయన పోతే, శవానికి దండలు వేసేందుకు జనం లైను కట్టారు. సీమోనుకు చచ్చినవాడెవరో తెలియదు, లైను మాత్రం కనబడింది. పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం దాకా ఒక్కొక్కరినీ ముందుకు పంపుతూ శవం ఎదుటే నిలబడ్డాడు. పోయినాయన తమ్ముడు చూసి, అన్నకు ఇంత దగ్గరి స్నేహితుడున్నాడని మాకు తెలియకపాయెనే అని కావలించుకుని ఏడ్చి, పాడె ముందరి కొమ్ము తెచ్చి భుజాన పెట్టాడు. సీమోను కాదనలేక శ్మశానం దాకా మోశాడు. మరునాడు భుజం వాచి దుకాణానికి రాలేదు. ఈ కథ చెప్పుకుని ఉస్మాన్‌గంజ్ హమాలీలు ఇప్పటికీ నవ్వుకుంటారు.

నవ్వని సంగతి ఒకటుంది. ఒకసారి దుకాణం ముందు లారీలు బారులు తీరితే, సేటు ఆయన చేతికి నంబరు చీటీల కట్ట ఇచ్చి, వరుస ప్రకారం పిలువు భాయ్ అన్నాడు. సీమోను చీటీలు గల్లా మీద పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా ఇంటికి వెళ్ళిపోయి మూడు రోజులు మంచం దిగలేదు. "మొదట్ల గిట్ల లేకుండె. మిల్లు బందయ్యే ముంగట పట్టింది ఈయనకు" అని ఆ రోజు స్వరూప శశిధర్‌తో అంది. అంతకుమించి ఆమెకూ తెలియదు.

ఆ చక్కెర మిల్లు గానుగవెల్లిలో ఉండేది. సీమోను అందులో పదిహేనేళ్ళు పనిచేశాడు. చెరుకు పండించే చిన్న ఊరు అది, బస్సులో మూడు గంటల దారి. ఈ శీతాకాలం శశిధర్ ఆఫీసులో చిన్న పట్టణాల చరిత్రల పుస్తకం ఒకటి మొదలుపెట్టి, వంతులు పంచితే గానుగవెల్లి శశిధర్‌కు పడింది. ఫైళ్ళన్నీ తిరగేస్తే ఊరి గురించి మూడంటే మూడు వాక్యాలు దొరికాయి, అందులో ఒకటి వర్షపాతం లెక్క. ఇరానీ హోటల్లో ఈ గోడు వెళ్ళబోసుకుంటుంటే, ఎప్పుడూ ఎవరికన్నా ముందు నోరు విప్పని సీమోను కప్పు కింద పెట్టేశాడు.

"నేను తీస్కపోత సారూ. ఈ ఆదివారమే పోదాం."

తనంతట తాను ముందుకొచ్చిన సీమోనును చూడడం అందరికీ అదే మొదలు. శశిధర్ తల్లి శారదాంబకు మాత్రం నమ్మకం కుదరలేదు. "ఆయనతోనా? నువ్వు వెళ్ళేసరికి అక్కడ చరిత్ర కాస్తా అయిపోతుందిరా" అంది. ఆమె భయం ఉత్తది కాదు. బస్‌స్టాండులో సీమోను అందరినీ ఎక్కించి ఎక్కించి రెండు బస్సులు పోగొట్టాడు. మూడోదానికి శశిధర్ ఆయన్ను రెక్క పట్టుకుని గుంజాల్సి వచ్చింది.

గానుగవెల్లి విచిత్రమైన ఊరు. రెండు కిలోమీటర్ల పొడవు, ఒకటే వీధి, పక్క సందు ఒక్కటీ లేదు. ఎందుకిలా ఉందని శశిధర్ అడిగితే, ఇదంత లైను సారూ, అన్నాడు సీమోను. నడుస్తూ ఊరి కథంతా చెప్పాడు. మొదట్లో ఎవరి చెరుకు వాళ్ళే ఎడ్ల గానుగల మీద ఆడుకుని బెల్లం వండుకునేవాళ్ళు. లైను లేదు, కాబట్టి ఊరూ లేదు, నాలుగిళ్ళుండేవి. తరువాత కాలువ నీళ్ళొచ్చాయి, కాలువ వెంట మిల్లొచ్చింది, మిల్లు గేటు ముందు చెరుకు బండ్లు బారు కట్టాయి. సీజనులో రెండేసి రోజులు, మూడేసి రోజులు నిలబడేవి. నిలబడ్డవాడికి చాయ్ కావాలి కదా అని యాభయ్యో బండి దగ్గర హోటలు పడింది. వందో బండి దగ్గర ఎడ్లకు నాడాలు కొట్టేవాడు కొలిమి పెట్టాడు. నూట యాభయ్యో బండి దగ్గర చర్చి లేచింది. సినిమా హాలు మాత్రం ఊరి చివర కట్టారు, తోకలో ఉన్నవాడికే కదా రెండాటలు చూసే తీరిక. పాత బడి మొదటి పంతులు కూడా బండ్ల మీద కూర్చున్న పిల్లలకే చదువు చెప్పాడట.

శశిధర్ నడుస్తూనే రాసుకున్నాడు. మూడు వాక్యాలు పన్నెండు పేజీలయ్యాయి. ఇంత సరదాగా చరిత్ర చెప్పిన మనిషి మిల్లు గేటు దగ్గరికి వచ్చేసరికి నీరుగారిపోయాడు.

అక్కడ మిల్లంటూ ఏమీ లేదు. రోలర్లు, బాయిలర్లు తుక్కు కింద ఎప్పుడో అమ్మేశారు. లోపలంతా సర్కారు తుమ్మ మొలిచింది. మిగిలింది గేటు, దాని పక్కన గుడిసెంత గది, ఆ గదికి చెయ్యి పట్టేంత కిటికీ. దీంట్ల నేను కూసునేది, టోకెన్ క్లర్కును, అన్నాడు సీమోను. రైతుకు నంబరు చీటీ రాసివ్వడం, వంతు వచ్చినప్పుడు మూడుసార్లు పిలవడం ఆయన పని. పలకనివాడి నంబరు కొట్టేయాలని మిల్లు కాయిదా. ఎంత పెద్ద అవసరమొచ్చినా రైతు బండిని వదిలిపోతే వంతు పోయినట్టే.

అప్పుడు చెప్పాడు అసలు సంగతి. ఇరవై రెండేళ్ళ కింద, మాఘమాసంలో, రోలరు విరిగి మిల్లు రెండు రోజులు ఆగింది. బండ్లు సినిమా హాలు దాటి పొలాల దాకా పోయాయి. కొండల్ అనే రైతుది అరవై ఒకటో నంబరు. మనిషి జ్వరంతో వచ్చాడు, రెండు రోజుల్లో అది ముదిరింది. మిల్లు దవాఖాన గేటు లోపల ఇరవై అడుగుల దూరంలో ఉంది, కానీ బండిని వదిలి పోలేడు. మూడో రోజు మిల్లు మళ్ళీ తిరిగింది. అరవై దాకా లోపలికి పోయాయి. సరిగ్గా అప్పుడు పైనుంచి ఫోనొచ్చింది, ఒక పెద్దమనిషి ట్రాక్టర్లు పదకొండు వస్తున్నాయి, ముందు వాటిని పంపమని. కొండల్ కిటికీ దగ్గరికి వచ్చి రెండు చేతులూ జోడించాడు.

"'సారూ, నా నంబరొచ్చింది గదా' అన్నడు. 'గంట ఆగు' అన్న" అన్నాడు సీమోను. ఆ కిటికీని చూడకుండా చెప్పాడు.

ట్రాక్టర్లు పోయేసరికి మధ్యాహ్నం దాటింది. సీమోను అరవై ఒకటి అని మూడుసార్లు కేకేశాడు. బండి కదలలేదు. ముందుకు తోలు, నిద్రపోయినవా అని వెనకవాళ్ళు తిట్టారు. కాయిదా ప్రకారం నంబరు కొట్టేసి అరవై రెండును పిలిచాడు. ఆ బండివాడు పక్కనుంచి తప్పించుకుని వస్తూ కిందకు చూశాడు. కొండల్ తన బండి నీడలోనే పడుకుని ఉన్నాడు, ఎడ్లు మాత్రం కాడి కిందే నిలబడి ఉన్నాయి.

పెద్దమనిషి ట్రాక్టర్ల మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తే ధైర్యం ఎవరికుంది? జ్వరంతో ఉన్న మొగుణ్ణి లైనుకు తోలిందని ఊరంతా కలిసి ఆ చావును కొండల్ భార్య నాగమణమ్మ నెత్తిన వేశారు. మరుసటేడు మిల్లు మూతపడి సీమోను పట్నం చేరాడు. పదేళ్ళు ఆ ఊరి దిక్కు చూడలేదు. ఆ తరువాతి పదకొండేళ్ళ నుంచి నెలకొక ఆదివారం చర్చి మానుకుని వస్తున్నాడు, నాగమణమ్మకు ఆ మాట చెప్పాలని. ఒక్కసారీ చెప్పలేకపోయాడు.

"ఎందుకని?" అన్నాడు శశిధర్.

సీమోను సిగ్గుపడ్డాడు. నాగమణమ్మ బెణుకులు తోముతుంది. ఆదివారం ఆమె ఇంటి ముందు పెద్ద లైనుంటుంది. లైనులో నిలబడతాడు, తీరా ఆమె ఎదుటికి వచ్చేసరికి వెనకవాడికి చోటిచ్చి తోకకు పోతాడు. పొద్దుగూకుతుంది, బస్సెక్కుతాడు. అదీ కథ. శశిధర్‌కు నవ్వొచ్చింది, నవ్వితే పాపం తగులుతుందనిపించింది.

"మీరు పుస్తకంల రాయుండ్రి సారూ. అచ్చయినంక ఆమెకు సదివి వినిపిస్తే అయిపాయె" అన్నాడు సీమోను. ఇంత దూరం తీసుకొచ్చింది ఇందుకన్నమాట. శశిధర్‌కు కోపమొచ్చింది.

"రాస్తానండీ. తప్పకుండా రాస్తాను. కానీ ఆవిడ ఆ మాట పుస్తకంలో చదివించుకుని తెలుసుకోవడం న్యాయం కాదు. ఇవాళ మీరే చెప్పాలి, నేను పక్కనుంటాను."

నాగమణమ్మ ఇల్లు ఊరి నడుమ, పాత కొలిమికి ఎదురుగా ఉంది. అరుగు మీద ముక్కాలిపీట, నువ్వుల నూనె గిన్నె, డెబ్బై ఏళ్ళ బక్కపలచని మనిషి. లైనులో ఇరవై మంది దాకా ఉన్నారు. కాలు మడతపడ్డవాడు, మెడ పట్టేసినవాడు, నడుము పట్టుకుని మూలిగే ముసలమ్మ. సీమోనును చూసి ఇద్దరు ముగ్గురు నవ్వి, వచ్చినవా పెద్దాయనా, అన్నారు. ఎవరికి ఎక్కువ నొప్పి ఉందో చూసి ముందుకు పంపడం, వాదులాడుకునేవాళ్ళను విడదీయడం ఇక్కడ ఆయనకు అలవాటేనని శశిధర్‌కు అర్థమైంది.

పదకొండున్నరకు సీమోను వంతొచ్చింది. చెయ్యి బెణికి ఏడుస్తున్న పసిదాన్ని ఎత్తుకున్న తల్లి వెనకనే ఉంది. చోటిచ్చి తోకకు పోయాడు. అది న్యాయమే కదా అని శశిధర్ ఊరుకున్నాడు. ఒంటిగంటకు మళ్ళీ వంతొచ్చింది. వెనకవాడికి కాలి బొటనవేలు కొద్దిగా వాచింది, అంతే. సీమోను మళ్ళీ పక్కకు తప్పుకున్నాడు. శశిధర్ చొక్కా పట్టుకున్నా ఆగలేదు. తోకలో పోయి నిలబడి నేల చూపులు చూస్తున్నాడు. ఇక ఈ మనిషి చెప్పలేడనిపించింది శశిధర్‌కు.

అప్పుడు నాగమణమ్మ చేతుల నూనె తుడుచుకుని పీట మీద నుంచి లేచింది. కట్టె పట్టుకుని అరుగు దిగింది. బొటనవేలివాడు కాలు చాపి అలాగే కూర్చుండిపోయాడు. ఆమె లైను పొడుగునా నడిచి వచ్చి, సీమోను వెనక నిలబడింది. వెనక ఎవరో వచ్చారని తెలిసి ఆయన తల తిప్పకుండానే, మీరు ముంగట పోండ్రి అమ్మా, అన్నాడు.

"నేను పోను. ఇయ్యాల నీ ఎన్కనే నిలబడ్త" అంది నాగమణమ్మ.

సీమోను తిరిగి చూశాడు. ఇక వంతు ఇచ్చేందుకు వెనక ఎవరూ లేరు. లైనంతా ఇటు తిరిగి చూస్తోంది. సీమోను నోరు తెరిచాడు, తెరిచాక ఆగలేదు.

"మిల్లు గేటు కాడ టోకెన్ క్లర్కును నేనేనమ్మా. మీ కొండల్ వంతొచ్చింది. ఆపింది నేను. వేరేటోళ్ళ ట్రాక్టర్లు పదకొండు లోపటికి పంపిన. జరంతోని వచ్చి దండం పెడితే గంట ఆగుమన్న. ఆ గంటల పానం పోయింది. మీ తప్పు ఏంలేదు. నాదే తప్పు."

నాగమణమ్మ కట్టె మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది.

"ఎరుకే" అంది. "లైన్ల రెండొందల బండ్లుండె. అందరికి కండ్లుండె. నాకు చాటుకు చెప్పిండ్రు గని, నలుగురిల ఒక్కరు నోరు దెరువలే. జరంతోని మొగుణ్ణి తోలిందన్న మాట ఇన్నేండ్లు నేను మోసిన. ఇయ్యాల నువ్వు అందరి ముంగట దించినవ్."

మాఫ్ చేయమని సీమోను చేతులు జోడించాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. మాఫ్ చేసేది నేను కాదు, మా ఆయన, అంది. నువ్వు పైకి పోయినంక ఆయన్నే అడుగు, నేను నడుమ రాను. ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతులో కోపం లేదు, జాలీ లేదు. లైనులో ఉన్న ముసలాయన ఒకడు తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆ రోజు లైనులో అతని బండి కూడా ఉండే ఉంటుంది.

శశిధర్ ఉండబట్టలేక అడిగాడు. "అన్నీ తెలిసి ఇన్నేళ్ళూ ఆయన్ను పిలవలేదేమండీ?"

"పిలిస్తే చెప్తడు. చెప్తే ఇగ రాడు" అంది నాగమణమ్మ. "ఇయ్యాల ఈయన మొకం చూడలేక లేచిన గని, నొప్పులోళ్ళు కొట్టుకోకుండ లైను ఎవ్వలు చూస్తరు బిడ్డా? ఈయన రాని ఆదివారం ఈడ ఒకటే లొల్లి. ఈయన వస్తే ముందుగాల పసిపోరగాండ్లు, ముసలోళ్ళు నా కాడికి వస్తరు. నేను చెప్పకుండనే వస్తరు. గసుమంటి మనిషిని నేనెందుకు పోగొట్టుకుంట?"

లైనులో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు అటునుంచి ఇటు పాకి బొటనవేలివాడి దాకా పోయింది. సీమోను ఒక్కడే ఏడుస్తున్నాడు, ఆయన కూడా నవ్వబోయి సరిగా చేతగాక ఆగిపోయాడు. నాగమణమ్మ ఆయన మణికట్టు పట్టుకుని లైనంతా దాటించి తీసుకుపోయి పీట మీద కూర్చోబెట్టింది. ఏడ నొస్తుంది చెప్పు, అంది.

"ఏడ లేదమ్మా" అన్నాడు సీమోను.

ఆమె ఆయన కాళ్ళ వైపు చూసింది. నిలబడి నిలబడి పాదాలు ఉబ్బి, నరాలు తేలి ఉన్నాయి. ఏమీ అనకుండా నూనె గిన్నె దగ్గరికి జరుపుకుని కుడి పాదం ఒళ్ళోకి లాక్కుంది. సీమోను అదిరిపడి వద్దమ్మా వద్దమ్మా అంటున్నా ఆమె వినలేదు. మడమ దగ్గర బొటనవేళ్ళతో గట్టిగా నొక్కింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి మెడ పట్టేసినవాడు వెనకనుంచి ఇంకెంతసేపని గునిశాడు. అది విని సీమోను పీట మీద నుంచి లేవబోయాడు.

నాగమణమ్మ ఆయన మోకాలి మీద ఒక్క చరుపు చరిచి కూర్చోబెట్టింది.

"నీది ఇంక కాలే. రెండో కాలు ఇటియ్యి."

సీమోను రెండో కాలు చాపాడు.